చేసిన పని గురించి మాట్లాడదాం, పుట్టుక గురించి కాదు

పోస్టు పెద్దగనే ఉంది. సగం చదివి కామెంట్ పెట్టకండి. చివరిదాకా చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతం.

పోయిన నెల మన గ్రూపులో జరిగిన లొల్లి అందరికీ ఎరుకే. కార్వాన్‌లో గదులు తీసుకొని కోచింగ్‌కు పోతున్న మన పిల్లల్లో ఒకడు రూమ్మేట్ లాప్‌టాప్ అమ్ముకున్నడు. ఇంకొక తమ్ముడి స్కాలర్‌షిప్ పైసలు వారంలో ఇస్తనని తీసుకొని ఎగ్గొట్టిండు. అడిగినోడి మీద చెయ్యి చేసుకున్నడు. తప్పయిందని ఒక్క మాట అనలేదు.

గ్రూపు రెండుగా చీలింది. ఒక వర్గం "వాడు సైకో, వాడికి యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్ ఉంది" అని ఒక రీల్ స్క్రీన్‌షాట్ తెచ్చి పెట్టింది. అందులో ఏడు లక్షణాలు, ఏడింటికీ టిక్కులు. ఇంకో వర్గం "ఎంతైనా మనోడే కదా, బయట పెట్టకండి. అసలే మనల్ని దొంగలంటరు, మన పరువు మనమే తీసుకుంటమా?" అన్నది. మూడో రోజు అడ్మిన్లం కామెంట్లు బంద్ పెట్టినం. అది మా తప్పు. మాట్లాడాల్సిన ముచ్చటను మేమే మూసేసినం.

ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. అదే గల్లీలో గది కోసం పోయిన మన ఇద్దరు పిల్లలకు ఒక ఇంటి ఓనరు గది లేదన్నడు. టూలెట్ బోర్డు వేలాడుతనే ఉంది. "మీవాళ్ళంతా ఇంతేనట కదా" అన్నడు. ఆ ఇద్దరికీ లాప్‌టాప్ ముచ్చటతో సంబంధమే లేదు. ఇంటిపేరు ఒకటే, అంతే.

అందుకని ఈ పోస్టులో మేము రెండు వర్గాలతోనూ కొట్లాడదలుచుకున్నం. మొదటి వర్గం చేసిన పనిని రోగం చేసింది. రెండో వర్గం దాన్ని జాతి పరువు చేసింది. రెండింటి మధ్య అసలు పని మాయమైంది. లాప్‌టాప్ పోయినోడికి లాప్‌టాప్ ఇంకా రాలేదు, ఆ సంగతి ఎవరూ అడుగుతలేరు.

ముందు మొదటి వర్గంతో మాట్లాడతం. "యాంటీ సోషల్" అనే మాటను మన నోటి నుంచి అంత తేలిగ్గా విసరొద్దు. ఎందుకో చెప్పాలంటే మనం గదులు తీసుకున్న ఈ కార్వాన్ నుంచే మొదలుపెట్టాలె.

కార్వాన్ అంటే ఫారసీలో బిడారు. గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ ఉన్న ఈ దారిలో కుతుబ్‌షాహీల కాలంలో వ్యాపారుల బిడార్లు దిగేవి. 1578లో కట్టిన పురానాపూల్ ఇప్పటికీ ఉంది. 1671లో కట్టిన టోలీ మసీదు ముందు నుంచే మనం రోజూ బస్సుకు పోతం. ఆ శతాబ్దంలోనే గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, ఈ దేశంలో ధాన్యం, ఉప్పు మోసే బిడార్లలో పది పన్నెండు వేల ఎద్దులు కూడా ఉండేవని రాసిండు. ఆ ఎద్దులను తోలినోళ్ళు మన లంబాడీ తాతలు. తండా అంటే అప్పట్లో నిలకడగా ఉండే ఊరు కాదు, నడిచే బిడారు. మొగల్ ఫౌజులు తిన్నది, తర్వాత ఇంగ్లీషు ఫౌజులు తిన్నది ఈ ఎద్దుల మీద వచ్చిన గింజలే. ఎరుకల వాళ్ళు కూడా గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తోలి బతికినోళ్ళే. అప్పుడు తిరగడం నేరం కాదు, కొలువు.

తర్వాత రోడ్లు పడ్డయి, ఉప్పు సర్కారు చేతికి పోయింది, రైళ్ళు వచ్చినయి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు నడిచింది 1874లో. ఎద్దుకు పని పోయింది. దానికి మూడేళ్ళ ముందే, 1871లో, ఇంగ్లీషోళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చిండ్రు. అప్పటి వాదన ఏందంటే, ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అయితడు, నేత కొడుకు నేత అయితడు, కాబట్టి దొంగతనం కూడా కులవృత్తే అని. ఒక మనిషి ఏం చేసిండో చూడాల్సిన పనే లేకుండా పోయింది. తెగ పేరు గెజిట్‌లో ఎక్కితే చాలు, తొట్టెలో పిల్ల కూడా నేరస్థురాలే. ఊరు దాటాలంటే పాసు, పొద్దూమాపూ హాజరు. 1897 సవరణతో పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చి ఎరుకల మీద, సుగాలీల మీద పడ్డది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఆ చట్టం కింద పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి నడిపిచ్చిండ్రు. ఇప్పటికీ ఆ ఊరి పేరు చెప్తే దొంగల సినిమాలే గుర్తొస్తయి జనానికి. అక్కడ చదువుకొని టీచర్లు, ఉద్యోగులు అయినోళ్ళ మీద ఒక్క సినిమా రాలేదు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మనం విముక్త దినం చేసుకునేది అందుకే. సరిగ్గా అదే 1952లో అమెరికాలో మానసిక వైద్యుల సంఘం తన మొదటి రోగాల పట్టిక అచ్చు వేసింది. దాన్ని డీఎస్ఎం అంటరు. సంఘానికి ఎదురు నడిచే మనిషి అనే రోగం పేరు అందులో ఉంది. రెండింటికీ సంబంధం లేదు, తారీఖులు కలిసినయి అంతే. కానీ ఆ పట్టిక 1980 నాటి మూడో కూర్పులో యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్ గుర్తుల కింద ఏం రాసి ఉందో తెలుసా? ముందుగా పని మాట్లాడుకోకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరగడం, నెల రోజులకు మించి నిలకడైన చిరునామా లేకపోవడం. అవి ఉంటే చాలు రోగమని రాయలేదు, ఎన్నో గుర్తుల్లో అవి కూడా కొన్ని. అయినా చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయే మన తండా జంట గుర్తొచ్చింది. ఆడివాళ్ళ నెత్తి మీద మూటలు, వెనక పిల్లలు, చిరునామా ఏదంటే ఏ తోట పేరు చెప్పాలె?

1994 నాటి కూర్పులో ఆ వాక్యం తీసేసిండ్రు. అంతేకాదు, పేదరికంలో, పట్నపు బస్తీల్లో బతకడానికి మనుషులు చేసే పనులను ఈ రోగంగా పొరపడే ప్రమాదం ఉందని ఆ పట్టికే హెచ్చరిక రాసుకున్నది. డాక్టర్లు తమ పుస్తకానికి తామే పెట్టుకున్న ఆ హెచ్చరిక మన స్క్రీన్‌షాట్ పెట్టిన అన్నలకు కనబడలేదు.

మన దేశపు చట్టం ఇంకా సాఫ్‌గా చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మూడో సెక్షన్. ఒక మనిషికి మానసిక రోగం ఉందా లేదా అనేది అతని ఆర్థిక, సామాజిక స్థితిని బట్టి గానీ, ఏదో ఒక జాతి, మత, సాంస్కృతిక సమూహంలో పుట్టినందుకు గానీ తేల్చకూడదు. తన సమాజపు నీతులకు, విలువలకు ఒదగనంత మాత్రాన కూడా తేల్చకూడదు. ఇంటి ఓనరు "మీవాళ్ళంతా ఇంతే" అన్నప్పుడు చెప్పాల్సిన జవాబు ఈ సెక్షన్‌లో ఉంది. మనమే మన గ్రూపులో రీల్ చూసి రోగం తేల్చినంక, ఆ జవాబు ఏ ముఖం పెట్టుకొని చెప్తం?

సరే, ఆ రోగం అసలు లేనే లేదా అంటే, ఉంది. లేదనడం కూడా అబద్ధమే. అదేందో సూటిగా తెలుసుకుందాం.

మొదట ఒక పొరపాటు తీసేద్దాం. "నేను ఫంక్షన్లకు పోను, నేను కొంచెం యాంటీ సోషల్" అని స్టేటస్ పెట్టుకునే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఉన్నరు. మాట్లాడకుండా ఒక మూల కూర్చోవడం యాంటీ సోషల్ కాదమ్మా, ముభావం. ఎవరికీ నష్టం లేదు, హాయిగా ఉండండి. యాంటీ సోషల్ అంటే పక్కోడి హక్కును తొక్కడం. వాడి సొమ్ము, వాడి ఒళ్ళు, వాడి నమ్మకం.

పక్కోడి హక్కును తొక్కే పని ఎవరైనా చేయొచ్చు. కోపంలో, తాగిన మత్తులో, ఆకలికి, దోస్తుల మెప్పు కోసం. అది నడవడి. రోగం అనాలంటే చాలా కావాలె. మనిషికి 18 ఏళ్ళు నిండి ఉండాలె. 15 ఏళ్ళ లోపే ఆ తీరు మొదలై ఉండాలె, అంటే పిల్లలను, జంతువులను హింసించడం, సామాన్లు తగలబెట్టడం, దొంగతనం, అదేపనిగా మోసం లాంటివి. పెద్దయినంక ఆ రీల్‌లోని ఏడు గుర్తుల్లో కనీసం మూడు, ఒక్కసారి కాదు, ఏళ్ళ తరబడి, ఇంట్లో, పనిలో, దోస్తుల దగ్గర, అన్ని చోట్లా కనబడాలె. అరెస్టుకు దారితీసే పనులు మళ్ళీ మళ్ళీ చేయడం, తన లాభానికి అబద్ధాలు, మోసం, వెనకాముందూ చూడని తనం, మాటిమాటికీ కొట్లాట, తన ప్రాణం పక్కోడి ప్రాణం లెక్కచేయకపోవడం, పనికీ అప్పుకూ బాధ్యత లేకపోవడం, చేసినదానికి పశ్చాత్తాపం లేకపోవడం. ఇవీ ఆ ఏడు. స్కిజోఫ్రీనియా గానీ, బైపోలార్ గానీ ఉన్నప్పుడు మాత్రమే ఇవి కనబడితే ఈ పేరు పెట్టరు. ఇంత లెక్క చూసినంక డీఎస్ఎం ఐదో కూర్పు ఇచ్చే సంఖ్య నూటికి 0.2 నుంచి 3.3 మంది. ఆడవాళ్ళలో కంటే మగవాళ్ళలో ఎక్కువ. ఏ తెగ రక్తంలోనూ లేదు, అన్ని దేశాల్లో, అన్ని కులాల్లో, బంగళాల్లో కూడా ఉంది. బంగళాలో ఉన్నోడు బ్యాంకును ముంచితే వాడి ఇంటిపేరు మీద ఎవరూ గది ఇయ్యకుండా ఆపరు, అదొక్కటే తేడా.

చిన్నప్పటి గుర్తుల్లో బడి ఎగ్గొట్టడం, రాత్రంతా ఇంటికి రాకుండా పారిపోవడం కూడా ఉన్నయి. ఆశ్రమ పాఠశాలలో చదివినోళ్ళం, చెయ్యెత్తండి మనలో ఎందరం గోడ దూకి తండా దారి పట్టలేదో. యాడి మీద మనసై పోయినోడున్నడు, పప్పులో పురుగులు చూసి పోయినోడున్నడు, దెబ్బలకు భయపడి పోయినోడున్నడు. "ఎందుకు పారిపోయినవు బిడ్డా" అని అడిగే డాక్టరుకు ఆ తేడా తెలుస్తది. టిక్కు పెట్టే రీల్‌కు తెల్వదు. ఇంకో సంగతి. లీ రాబిన్స్ అనే అమెరికా పరిశోధకురాలు ఇలాంటి పిల్లలను పెద్దయ్యేదాకా వెంబడించి చూసింది. పెద్దయినంక ఈ రోగం ఉన్నోళ్ళు దాదాపు అందరూ చిన్నప్పుడు అట్లనే ఉన్నరు. కానీ చిన్నప్పుడు అట్ల ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయినంక అట్ల కాలేదు. ఈ రెండో వాక్యం వార్డెన్లకు, సార్లకు, మన తండా పెద్దలకు చెప్పాలె. పదేళ్ళ పిల్లగానిపై "వీడు దొంగే" అనే ముద్ర వేయడానికి ఏ సైన్సూ ఒప్పుకోదు.

ముద్ర వేస్తే ఏమైతదో మనకు బయట కనబడుతనే ఉంది. పేపర్లో "అసాంఘిక శక్తుల అడ్డా" అని ఒక మాట వస్తది. ఒకసారి తండా గురించి, ఒకసారి పాతబస్తీ గురించి. మన గది కింద పండ్ల బండి పెట్టే చాచా కొడుక్కి తగిలే మాటా ఇదే, మనకు తగిలే మాటా ఇదే. రౌడీషీటు ఒకసారి తెరిస్తే అది మనిషి వెంటే నడుస్తది. 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం ఉంది, పీడీ యాక్ట్ అంటం. నేరం రుజువు కాకుండానే ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. తెలంగాణలో దాన్ని వాడుతున్న తీరు బాగలేదని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబర్ 4న గట్టిగానే చెప్పింది. 2024 మార్చి 21న ఇంకో తెలంగాణ కేసులో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 3న జైళ్ళలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో, పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనల్లో సంచార తెగలకు పారిపోయే గుణం సహజమన్నట్టు రాసిన వాక్యాన్ని కూడా అదే కోర్టు ముందు పెట్టుకొని చూసింది. 1871 నాటి మాట 2024 దాకా ఒక సర్కారు పుస్తకంలో బతికే ఉందన్నమాట. అందుకే అంటున్నం, ఆ మాటను మనం మన నోట్లోకి తెచ్చుకోవద్దని.

ఇంక రెండో వర్గం. ఇప్పటిదాకా చదివి "చూసిండ్రా, అడ్మిన్లు మావైపే" అని సంబరపడుతున్నరేమో. ఆగండి.

"మనోడే కదా" అన్నరు. లాప్‌టాప్ పోయినోడు ఎవరోడు? స్కాలర్‌షిప్ పైసలు పోయి మెస్ బిల్లు కట్టలేక ఊరికి పోయిన తమ్ముడు ఎవరోడు? దెబ్బలు తిన్నోడు ఎవరోడు? ముగ్గురూ మనోళ్ళే. మనోడు అన్న మాట కొట్టినోడికే వర్తించి, పడ్డోడికి వర్తించకపోతే అది జాతి ప్రేమ కాదు, బలమున్నోడి పక్కన నిలబడడం.

మన చరిత్ర మనకు కవచం, నిజమే. కానీ ఆ కవచం తొడుక్కొని మనోళ్ళనే పొడిచేటోడికి దాన్ని అరువు ఇయ్యొద్దు. "పోలీసులు మనల్ని ఎట్ల చూస్తరో తెలుసు కదా" అనే మాటను అప్పు ఎగ్గొట్టేటోడు వాడుకుంటున్నడు. పెండ్లాన్ని కొట్టేటోడు కూడా వాడుకుంటున్నడు. చెల్లెళ్ళు మాకు పర్సనల్‌గా పెట్టిన మెసేజీలు ఇక్కడ పెట్టం. కానీ ఒక్కటి చెప్తం. గ్రూపులో పెద్ద పెద్ద ఉపన్యాసాలు రాసే ఒకరిద్దరి గురించి కూడా ఆ మెసేజీలు ఉన్నయి. వాళ్ళకు తెలుసు.

మన పెద్దల పంచాయితీ గురించి కూడా నిజం మాట్లాడుకుందాం. తండాలో నాయక్, కారభారి కూర్చొని పంచాయితీ చేస్తే ఒక మంచి పద్ధతి ఉండేది. ఎవరిది పోయింది, ఏం పోయింది, ఎవరు తీసిండ్రు, ఎప్పటిలోగా కడతరు, అంతే. "వీడి వంశమే దొంగ వంశం" అనేది ఆ పంచాయితీలో లేదు, అది గెజిట్ నేర్పిన మాట. పని పనిగా చూసే ఆ పద్ధతి మనది, దాన్ని నిలబెట్టుకుందాం. అయితే అదే పంచాయితీ ఆడపిల్ల మీద జరిగిన దౌర్జన్యాన్ని కూడా జుర్మానా కట్టించి, మేక కోసి, కలిసి తిని మూసేసిన రోజులున్నయి. అది న్యాయం కాదు. ఆడబిడ్డ ఒంటి మీద చెయ్యి పడితే అది పంచాయితీ తెంపేది కాదు, ఎంత పెద్ద నాయక్ కూర్చున్నా సరే.

మరి ఇలాంటి మనిషితో ఎట్ల బతకాలె? గదిలో ఉంటడు, ఇంట్లో ఉంటడు, అన్న అయితడు, మొగుడు అయితడు. రోగం ఉన్నా లేకున్నా చేయాల్సిన పనులు కొన్ని ఒకటే. డాక్టర్లు చెప్పేది, మేము పడ్డది కలిపి రాస్తున్నం.

అప్పు ఇయ్యొద్దు. ఇస్తే తిరిగిరాదనుకొనే ఇయ్యండి. మాట మీద కాదు, కాగితం మీద నడవండి. ఏ తారీఖు, ఎంత, ఎవరి ముందు అని రాసిపెట్టుకోండి. ఫోన్ పిన్, ఏటీఎం కార్డు, సర్టిఫికెట్ల ఫైలు విడిగా పెట్టుకోండి. తాగి ఉన్నప్పుడు వాదించొద్దు. "నా ప్రేమతో మారుస్త" అని ఏ చెల్లీ తన బతుకును పందెం పెట్టొద్దు. మార్చడం మీ బాధ్యత కాదు, బతకడం మీ బాధ్యత. వాడు ఏడ్చి దండం పెడితే ఆ ఏడుపు చూడకండి, తర్వాత మూడు నెలలు ఏం చేసిండో చూడండి. ప్రాణానికి ముప్పనిపిస్తే 112. ఆడవాళ్ళకు 181. పిల్లలకు 1098. 2005 గృహహింస చట్టం మన తండాకూ వర్తిస్తది, మనకేం మినహాయింపు లేదు.

వాడి సంగతేంది మరి? వాడూ మనిషే. ఈ రోగం ఉన్నోళ్ళు మందులో, మత్తులో కూరుకుపోయి, యాక్సిడెంట్లలో, ఆత్మహత్యలతో తొందరగా పోతరు. ఇది కూడా నిజమే. మాత్ర వేస్తే తగ్గే రోగం కాదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ రోగానికంటూ మందులు మామూలుగా వాడొద్దనే చెప్పినయి. గుంపుగా కూర్చోబెట్టి ఆలోచనను, నడవడిని మార్చే చికిత్స చేయమన్నయి. పక్కనే ఉన్న మత్తు అలవాటుకు, దిగులుకు వైద్యం తప్పకుండా చేయమన్నయి. పిల్లల్లో గుర్తులు కనబడితే తల్లిదండ్రులకు నేర్పించడం మీద పెట్టిన కష్టం ఎక్కువ ఫలిస్తది. నలభై దాటినంక చాలామందిలో ఈ తీరు మెత్తబడుతదని కూడా పుస్తకాలు చెప్తున్నయి. అప్పటిదాకా పక్కనున్నోళ్ళు నలిగిపోవాలని మాత్రం ఏ పుస్తకం చెప్పలేదు.

కార్వాన్ నుంచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దూరమేమీ కాదు. "ఎర్రగడ్డకు పంపుత" అని తిట్టుకోవడం బంద్ పెడదాం. అది సర్కారు దవాఖానా, పోయి చీటీ తీసుకొని చూపించుకోవచ్చు. పోవడానికి మనసొప్పకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పైసలు పడవు, తెలుగులో మాట్లాడతరు. కొట్టినోడు చేయొచ్చు, దెబ్బలు తిన్నోడూ చేయొచ్చు.

మనుషులు మారరు అనేటోళ్ళకు ఒక్క మాట. స్టువర్టుపురంలో 1970లలో లవణం గారు, హేమలత గారు పనిచేసిండ్రు. నేరం చేసినోళ్ళతో కూర్చొని మాట్లాడి, పిల్లలను బడికి పంపి, వేరే బతుకుదెరువు చూపించే ప్రయత్నం చేసిండ్రు. తెగకు రోగం ఉందనుకుంటే ఆ పని మొదలయ్యేదే కాదు. ఎవరూ ఏ తప్పూ చేయలేదనుకున్నా మొదలయ్యేది కాదు.

మన పిల్లగాని విషయంలో అడ్మిన్లం కూర్చొని అనుకున్నది ఇది. కాదనేటోళ్ళు కారణం చెప్పండి.

వాడికి ఆ రోగం ఉందో లేదో చెప్పేది మేము కాదు, మీరూ కాదు. ఇప్పటి నుంచి ఈ గ్రూపులో ఎవరి మీదా రోగం పేరు పెట్టిన పోస్టు ఉండదు, తీసేస్తం. సైకో, మెంటల్ అనే మాటలు కూడా. ఫిర్యాదు మాత్రం ఉంటది. ఏం జరిగింది, ఎప్పుడు, ఎంత నష్టం అని రాసి అడ్మిన్లకు పంపండి. "మనోడే కదా" అని దాన్ని ఎవరూ ఆపరు. వాడు లాప్‌టాప్ పైసలు, స్కాలర్‌షిప్ పైసలు మూడు నెలల్లో కట్టాలె. పెద్దల ముందు కాగితం రాసుకున్నం. ఆ గది ఖాళీ చేసిండు. కట్టకపోతే పోయినోడు పోలీసు కేసు పెడితే మేము అడ్డుపడం, తోడు పోతం. చెయ్యి చేసుకున్న సంగతి విడిగా ఉంది, అది దెబ్బలు తిన్న తమ్ముడి ఇష్టం. రాజీ పడమని వాడి మీద ఎవరూ ఒత్తిడి పెట్టకండి. దవాఖానకు వస్తనంటే మాలో ఇద్దరం వెంట పోతం. రానంటే గుంజుకపోం.

ఊరికి పోయిన తమ్ముడి మెస్ బాకీ ముందు కడదాం. మనిషికి వంద వేస్తే సరిపోతది. వాడిని వెనక్కి పిలుద్దాం, పరీక్ష దగ్గర పడ్డది.

గది దొరకని ఆ ఇద్దరి కోసం వచ్చే ఆదివారం నలుగురం ఆ ఇంటి ఓనరు దగ్గరికి పోతున్నం. కొట్లాటకు కాదు. "తప్పు చేసినోడి పేరు మేమే చెప్తం, వాడితో మేమే కట్టిస్తం. ఈ ఇద్దరు చేసిన తప్పేందో నువ్వు చెప్పు" అని అడుగుతం. మొదటి వాక్యం నిజం కాకపోతే రెండో వాక్యం అడిగే హక్కు మనకు ఉండదు. మనం దాచిపెట్టినన్ని రోజులు ఆయన అనుమానమే గెలుస్తది.

వస్తామన్నోళ్ళు పొద్దున పదింటికి టోలీ మసీదు బస్టాప్ దగ్గర ఉండండి.

జై సేవాలాల్. జై ఏకలవ్య. జై సేవా. జోహార్ కొమురం భీమ్.

మీ గ్రూపు అడ్మిన్లం